పంచ్ నుంచి టామ్ కాలిన్స్ దాకా: కోరమాండల్ తీరపు పానీయం, దాని రాతలు

కాచిన మద్యంలో నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, ఏదైనా సుగంధద్రవ్యం కలిపి చేసే పానీయం పంచ్. జిన్‌తో చేసే టామ్ కాలిన్స్, జిన్ ఫిజ్, గిమ్లెట్ వంటి కాక్‌టెయిళ్ళు దీని సంతతే. ఇంగ్లీషు రాతల్లో ఇంతవరకు దొరికిన వాటిలో పంచ్ పేరు మొదట కనిపించేది కోరమాండల్ తీరానికి చెందిన ఒక ఉత్తరంలో. 1632 సెప్టెంబరు 28న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్ దానిని పేటపోలిలో ఉన్న థామస్ కాలీ అనే వర్తకుడికి రాశాడు. పేటపోలి అంటే ఇప్పటి నిజాంపట్నం. ఇంటి వ్యవహారం చక్కగా నడుపుకోమని చెప్పే వాక్యంలో పంచ్ మాట ఒకసారి వచ్చి పోతుంది. దానిని ఎలా చేస్తారో ఆడమ్స్ చెప్పలేదు. రాసినవాడికీ చదివేవాడికీ అప్పటికే తెలిసిన పానీయం కనుక చెప్పే అవసరం రాలేదు. ఈ పానీయం కాగితమెక్కకముందే తీరంలో వాడుకలో ఉందనడానికి ఈ మౌనమే మంచి సాక్ష్యం.

తీరం, సరుకులు

ఇంగ్లీషు కంపెనీ 1611లో పేటపోలి, మచిలీపట్నాల్లో వర్తకం మొదలుపెట్టింది. డచ్చివారు అప్పటికే పులికాట్‌లో స్థిరపడ్డారు. అద్దకపు బట్టల కోసం ఇద్దరూ పోటీపడ్డారు. 1625–26 ప్రాంతంలో ఇంగ్లీషువారు పులికాట్‌కు ఉత్తరాన దుగరాజపట్నంలో ఒక స్థావరం ఏర్పాటు చేసుకున్నారు. ఈ ఊరు ఉమ్మడి నెల్లూరు జిల్లా వాకాడు మండలంలోది. తమకు సాయపడిన ఆరుముగ మొదలియారు పేరు మీద ఇంగ్లీషువారు దీనిని ఆర్మగాన్ అన్నారు. 1628లో గోల్కొండ అధికారుల వేధింపులు పడలేక మచిలీపట్నం నుంచి ఇక్కడికి తరలివచ్చారు. పన్నెండు ఫిరంగులతో కోట కట్టుకున్నారు. ఇక్కడి స్థావరానికి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసపట్నం పట్టా సంపాదించాడు. మరుసటి ఏడు కంపెనీవారు ఇక్కడి నుంచి అక్కడికి మకాం మార్చారు. చెన్నపట్నం చరిత్రకు ముందుపుట దుగరాజపట్నమే అయినా ఆ సంగతి తెలిసినవారు నెల్లూరులో కూడా తక్కువ.

నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో యూరపు బీరు పులిసిపోయేది, ద్రాక్షసారా పాడయ్యేది. తీరం చేరిన నావికుడికి దొరికింది సారా. నెల్లూరు తీరంలో ఇసుక దిబ్బల పొడవునా తాడిచెట్లు, ఊళ్ళ పక్కన ఈతచెట్లు, పెరళ్ళలో కొబ్బరి. గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి, గెల కొనను పలచగా చెక్కి, దాని కింద లొట్టి కడతాడు. గెలను రోజూ ఉదయం, సాయంత్రం మళ్ళీ చెక్కాలి. లేకపోతే గాటు ఎండి ధార ఆగిపోతుంది. పోతు తాడికీ పండు తాడికీ గీసే తీరు వేరు. కారిన రసంలో నూటికి సుమారు 10 నుంచి 15 పాళ్ళు చక్కెర ఉంటుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు వెంటనే పని మొదలుపెడుతుంది. కొద్ది గంటల్లో అది కల్లవుతుంది, మరునాటికి పుల్లబడుతుంది. పులవకుండా తియ్యగా నిలవాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. ఆ కల్లునే కుండలో పోసి కింద మంట పెట్టి, లేచిన ఆవిరిని చన్నీళ్ళతో చల్లార్చి పట్టుకుంటే సారా. చెట్టుకు గాటు ఎంత లోతు పెట్టాలో, కాగుతున్న కుండ నుంచి ఏ ధార పారబోసి ఏ ధార పట్టుకోవాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. తండ్రి పక్కన కూర్చున్న కొడుక్కు అది అబ్బేది. పంచ్ చరిత్ర రాసినవారు దీనిని ఒక్క ముక్కలో దాటేస్తారు కానీ, పానీయంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

మిగతా దినుసులు వెతుక్కోవలసిన పనే లేదు. నిమ్మ, బెల్లం, తాటిబెల్లం, చక్కెర ఇక్కడివే. మిరియాలు, జాజికాయ ఓడరేవుల్లో దొరికేవి. నిమ్మరసం ఓడవారికి రుచి కోసమే కాదు, మందుగా కూడా కావాలి. 1601లో జేమ్స్ లాంకాస్టర్ నాయకత్వంలో బయలుదేరిన కంపెనీ తొలి నౌకాయాత్రలోనే, చిగుళ్ళు వాచి మనిషిని తినేసే స్కర్వీ వ్యాధికి విరుగుడుగా నిమ్మరసం పంచారు. నిమ్మకూ తీరానికీ ఉన్న బంధం నేటికీ చెక్కుచెదరలేదు. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల నుంచి లారీలు ఉత్తరాదికి వెళుతూనే ఉన్నాయి. వెంకటగిరి దగ్గరి పెట్లూరులో నిమ్మ పరిశోధన కేంద్రమే ఉంది.

తీపి, పులుపు, ఘాటు, నీరు ఈ నాలుగూ కలిపిన పానీయం తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, ఏలకులు, నీళ్ళు ఉంటాయి. కొన్ని ఇళ్ళలో నిమ్మరసమో చింతపండో కూడా పడుతుంది. దక్షిణాదిలో ఇలాంటి పానీయం సహజంగా చేసుకునేవారు ఉన్నచోట, సారా చేతిలో ఉన్న నావికుడికి పంచ్ తట్టడం విశేషమేమీ కాదు. పానకం నుంచే పంచ్ పుట్టిందని చెప్పడానికి మాత్రం పత్రాధారం లేదు.

కొలత రాయడం

పానీయాల తయారీని కొలతలతో రాసిపెట్టడం భారతదేశంలో చాలా పాత పని. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో మద్య వ్యవహారాలు చూసే సురాధ్యక్షుడి విధులు చెప్పే అధ్యాయం ఉంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాల మద్యాలను అది పేర్కొంటుంది. మేదకానికి ఒక ద్రోణం నీళ్ళు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం, అంటే పులియబెట్టే ముద్ద, కావాలి. ద్రోణానికి నాలుగు ఆఢకాలు, ఆఢకానికి నాలుగు ప్రస్థాలు కనుక లెక్క కడితే 16 పాళ్ళ నీటికి 2 పాళ్ళ బియ్యం, 3 పాళ్ళ కిణ్వం. మినుముల ముద్ద, బియ్యం, మూలికలతో కిణ్వం ఎలా చేయాలో కూడా అదే చోట ఉంది. ఇంత ఖచ్చితంగా రాయడానికి కారణం రుచి మీద మక్కువ కాదు, ఖజానా. సరుకులో కల్తీ జరిగిందో లేదో పట్టుకోవాలన్నా, పన్ను కట్టించాలన్నా కొలత తెలిసి ఉండాలి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు చేయించిన మానసోల్లాసంలో రాజు భోగాల కింద వంటలు, పానీయాలు వస్తాయి. అక్కడ రాతకు ప్రేరణ వైభవం.

తెలుగు కవులు తిండి పదార్థాల పేర్లు జాబితాలుగా ఇచ్చారు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఆ కావ్యాలే ముఖ్య ఆధారాలు. కానీ అవి పేర్లే, పాళ్ళు కావు. ఇంట్లో వంట చేసే మనిషికి పాళ్ళు అక్కర్లేదు కదా. ముద్రణ వచ్చాక కూడా తెలుగు వంటల పుస్తకాల్లో ఉప్పు దగ్గర నిలిచేది ‘తగినంత’ అనే మాటే. చదివేవారికి చెయ్యి ఆడుతుందని రాసేవారి నమ్మకం.

పంచ్ గురించి రాయవలసి వచ్చినవారు బయటివారు. 1638లో సూరత్ వచ్చిన జర్మను యాత్రికుడు మాండెల్స్‌లో, ఇంగ్లీషు వర్తకులు మద్యం, పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలుపుకుని తాగేవారని రాశాడు. మొగలు దర్బారులో వైద్యుడిగా ఉన్న ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ 1670లో ప్రచురించిన రచనలో బెల్లపు సారా, నిమ్మరసం, నీళ్ళు, కాస్త జాజికాయ అని చెప్పి, ఇది ఆరోగ్యానికి చేటు అని హెచ్చరించాడు. 1670లలో మచిలీపట్నం, మద్రాసులు చూసిన ఇంగ్లీషు వైద్యుడు జాన్ ఫ్రయర్ తన 1698 నాటి గ్రంథంలో, ఐదు దినుసుల వల్లనే హిందుస్థానీ మాట ‘పాంచ్’ నుంచి ఆ పేరు వచ్చిందన్నాడు. పీపాకు ఉన్న ‘పంచన్’ అనే ఇంగ్లీషు పేరే దీని మూలమని వాదించేవారూ ఉన్నారు. ఏమైనా ఈ ముగ్గురి రాతల్లో దినుసులు ఉన్నాయి, పాళ్ళు లేవు. వీరు పానీయాన్ని చూసినవారే కానీ చేసినవారు కారు.

పాళ్ళతో రాసింది ఇల్లు నడిపే స్త్రీ. 1670లో లండన్‌లో హన్నా వూలీ తన గృహిణుల పుస్తకంలో ఒక క్వార్టు క్లారెట్ ద్రాక్షసారాకు అర పింటు బ్రాందీ, కొంచెం చక్కెర, తురిమిన జాజికాయ, ఒక నిమ్మకాయ రసం కలపమంది. సారా దొరకని చోట సారా స్థానంలో ఇంట్లో ఉన్నది వచ్చి చేరింది. పానీయం ఊరు దాటినప్పుడు చట్రం నిలుస్తుంది, దినుసు మారుతుంది. పంచ్ తర్వాతి చరిత్ర అంతా ఈ పద్ధతిలోనే నడిచింది.

అదే దశకంలో మద్రాసులో మరో రకమైన కొలత కాగితమెక్కింది. సెయింట్ జార్జి కోట నిబంధనల ప్రకారం ఒక మనిషి ఒక్కసారికి అర పింటు సారా లేదా బ్రాందీ, ఒక క్వార్టు ద్రాక్షసారా మించి తాగకూడదు. మించితే పోసిన ఇంటివాడికీ తాగినవాడికీ జరిమానా. అర్థశాస్త్రంలో లాగానే ఇక్కడా కొలతను రాయించింది పాలన.

జిన్ చేరిక

జూనిపర్ కాయల వాసన పట్టించిన ధాన్యపు సారా జిన్. డచ్చివారి జెనీవర్ దీనికి మాతృక. 17వ శతాబ్దం చివర ఇంగ్లండులో ఫ్రెంచి బ్రాందీ మీద ఆంక్షలు పెట్టి, స్వదేశంలో సారా కాచుకోవడానికి తలుపులు తెరిచారు. చౌక జిన్ లండన్ పేటలను ముంచెత్తింది. 1751లో హోగార్త్ గీసిన జిన్ వీధి చిత్రం, అదే ఏడు వచ్చిన జిన్ చట్టం ఆ ఉపద్రవానికి గుర్తులు. 1830లో ఈనియస్ కాఫీ పేటెంటు పొందిన నిలువు స్తంభపు బట్టీతో తేటైన సారా ఎడతెగకుండా తీయడం సాధ్యమైంది. దుర్వాసన కప్పడానికి చక్కెర వేయవలసిన అవసరం తగ్గి, తీపి లేని లండన్ జిన్ వచ్చింది.

జిన్ పంచ్ ఈ మార్పులతో పాటే పెరిగింది. 18వ శతాబ్దపు సత్రాల్లో అది పెద్ద గిన్నెలో కలిపి పదిమందికీ గరిటెతో పోసే పానీయం. నిమ్మతొక్క మీద చక్కెర గడ్డను రుద్ది, తొక్కలోని నూనెను చక్కెరకు పట్టించడం అందులోని కిటుకు. నీళ్ళలో కలవని ఆ నూనె మద్యంలో కరుగుతుంది కనుక వాసన గిన్నె అంతా పరుచుకుంటుంది. 1830లలో లండన్ గారిక్ క్లబ్బులో జిన్, నిమ్మ, మరస్కీనో అనే చెర్రీ లిక్కరు, సోడా కలిపి చల్లగా ఇచ్చేవారు. చార్లెస్ డికెన్స్ 1847లో తన పంచ్ విధానాన్ని ఒక స్త్రీకి ఉత్తరంగా రాసి పంపాడు. అది బ్రాందీ, రమ్ములతో చేసేది. ఎంతసేపు మంట మండనివ్వాలో, ఎప్పుడు మూత పెట్టాలో కూడా చెప్పే ఆ ఉత్తరం, చేసేవాడే రాసిన విధానానికి మంచి నమూనా.

పెద్ద గిన్నె ఒక్క గ్లాసుకు కుదించుకుపోయినప్పుడు కాక్‌టెయిల్ యుగం మొదలైంది. 1806 మే 13న న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే సారా, చక్కెర, నీళ్ళు, చేదు మూలికల అర్కం అని నిర్వచించింది. ఆ నిర్వచనంలో నిమ్మ లేదు. నిమ్మ ఉన్న కాక్‌టెయిళ్ళు పంచ్ వైపు నుంచి వచ్చినవే. 1862లో అమెరికన్ బారు నిర్వాహకుడు జెర్రీ థామస్ ప్రచురించిన పుస్తకాన్ని తొలి కాక్‌టెయిల్ గ్రంథంగా చెబుతారు. అందులోనూ పెద్ద భాగం పంచ్‌లదే.

టామ్ కాలిన్స్ అదే పుస్తకం 1876 ముద్రణలో చేరింది. ఐదారు చుక్కల బంక చక్కెరపాకం, చిన్న నిమ్మకాయ రసం, పెద్ద వైను గ్లాసుడు జిన్, రెండు మూడు మంచుముక్కలు వేసి బాగా కుదిపి, పెద్ద గ్లాసులోకి వడగట్టి, పైన సోడా నింపాలి. నురుగు చచ్చిపోకముందే తాగమని కూడా చెప్పాడు. అంతకుముందే లండన్ లిమ్మర్స్ హోటల్లోని కాలిన్స్ అనే సర్వరు పేరు మీద జాన్ కాలిన్స్ చలామణిలో ఉంది. ‘టామ్’ రావడానికి 1874లో అమెరికాలో నడిచిన ఒక ఆకతాయి వేళాకోళం కారణమని కొందరు, ఓల్డ్ టామ్ అనే తియ్యని జిన్ కారణమని కొందరు అంటారు. దినుసులను చూస్తే ఇందులో కొత్తదేమీ లేదు. సారా స్థానంలో జిన్, నీళ్ళ స్థానంలో సోడా, మిగిలినదంతా తీరపు పంచే. జాజికాయ పని జిన్‌లోని జూనిపర్, ధనియాలు చేస్తాయి. నెల్లూరు వీధిలో బండివాడు నిమ్మకాయ పిండి, ఉప్పో చక్కెరో వేసి, గోలీ నొక్కి బుస్సుమనిపించే నిమ్మకాయ సోడా జిన్ లేని టామ్ కాలిన్సే. ఆ గోలీ సీసాకు 1872లో పేటెంటు తీసుకున్నది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు. మన దగ్గర దాన్ని నేటికీ ప్రాణంతో నిలిపింది మాత్రం సోడాబండ్లే.

గిమ్లెట్ కథ ఓడలది. 1867లో స్కాట్లండు వ్యాపారి లాక్లన్ రోజ్ మద్యం లేకుండా చక్కెరతో నిమ్మరసాన్ని నిలవచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అదే సంవత్సరం బ్రిటిష్ వర్తక నౌకల్లో నిమ్మరసం పంచడం చట్టమైంది. సగం జిన్, సగం రోజ్ నిమ్మపాకం అనే గిమ్లెట్ కొలత 1922లో హ్యారీ మెక్‌ఎల్హోన్ పుస్తకంలో అచ్చయింది. జిన్ టానిక్‌లోని క్వినైను సోడాకు 1858లో ఎరాస్మస్ బాండ్ పేటెంటు తీసుకున్నాడు. రంగూన్‌లోని పెగు క్లబ్బు పేరుతో జిన్, నారింజ లిక్కరు, నిమ్మరసం, బిట్టర్సుల కాక్‌టెయిల్ 1930 నాటి సావోయ్ కాక్‌టెయిల్ పుస్తకంలో ఉంది. ఆ రోజుల్లో రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ పనిచేసేవారిలో తెలుగువారు వేల సంఖ్యలో ఉండేవారు. క్లబ్బు పేరు పుస్తకాల్లో నిలిచింది.

మద్రాసు పుస్తకాలు, బట్లర్లు

బోస్టన్ నుంచి ఓడలో వచ్చిన మంచుగడ్డల కోసం మద్రాసు సముద్రతీరంలో 1842లో ఐస్‌హౌస్ కట్టారు. చల్లని పానీయం అప్పటినుంచి దొరల ఇళ్ళలో మామూలైంది. దక్షిణాదిలో ఇంగ్లీషు వంటల పుస్తకాల కాలమూ ఇదే. నిజాం సైన్యంలో వైద్యాధికారిగా ఉన్న రిడెల్ గృహ నిర్వహణ, వంటల మీద 1849లో ఒక గ్రంథం తెచ్చాడు. మద్రాసు అశ్వికదళపు కెన్నీ హెర్బర్ట్ ‘వైవర్న్’ అనే కలం పేరుతో 1878లో మద్రాసు వంటల పుస్తకం ప్రచురించాడు. అందులో వంటవాడి పేరు ఎప్పుడూ రామస్వామే. అది ఒక మనిషి పేరు కాదు, పొయ్యి దగ్గర నిలబడిన వారందరికీ కలిపి పెట్టిన పేరు. రాసిన దొర కలం పేరైనా అట్ట మీద ఉంది, కలిపిన బట్లరు పేరు ఎక్కడా లేదు. ఆడమ్స్ నుంచి వైవర్న్ దాకా ఈ లెక్క మారలేదు. కల్లు గీసినవాడు, సారా కాచినవాడు, నిమ్మకాయ పిండినవాడు ఈ చరిత్ర అంతటా పేరు లేకుండానే ఉండిపోవడం పెద్ద అన్యాయం.

నెల్లూరులో తర్వాతి కాలం

అబ్కారీ పద్ధతిలో కల్లు, సారాలు ప్రభుత్వ ఆదాయమయ్యాయి. దుకాణాలను వేలంలో కాంట్రాక్టర్లకు ఇచ్చారు. 1980లలో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది. నీళ్ళు, నిమ్మరసం, చక్కెర కలిపే మర్యాద దానికి లేదు. కూలి డబ్బు ఆ ప్యాకెట్లకు పోయి ఇళ్ళలో పొయ్యి వెలగని రోజులు వచ్చాయి.

ఈ జిల్లాలో మద్యం గురించి రాసిన వాటిలో అన్నిటికంటే బలంగా పనిచేసింది ఏ పానీయాల పుస్తకమూ కాదు, వయోజన విద్య వాచకం. 1990–91లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు, రోశమ్మ అనే ఆవిడ ముందుండగా, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ సంగతే పాఠంగా వాచకంలో అచ్చయి జిల్లా అంతా చదివారు. అక్షరం నేర్చుకుంటున్న స్త్రీలు తమలాంటి స్త్రీల గెలుపును ఆ అక్షరాల్లోనే చదువుకున్నారు. 1992లో ఊరూరా సారా దుకాణాల ముందు బైఠాయించారు, వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దానిని సడలించారు. సారా నిషేధం మాత్రం సడలలేదు.